పిట్టలు ముట్టని నీళ్లు

కొత్త మట్టి మూకుడులో మొదటిసారి నీళ్లు పోస్తే ఒక వాసన లేస్తుంది. తొలకరి వాసన లాంటిదే కానీ దానికంటే కొంచెం ఘాటు. మూకుడు సన్నగా చుయ్యిమంటూ తన వంతు నీళ్లు తను తాగేసి, మిగిలినవి పిట్టలకు వదులుతుంది. ఈ వేసవి మొదట్లో సూళ్లూరుపేటలో మేముండే మేడ మీద, కుండీల మధ్య నీడ చూసి అలాంటి మూకుడు ఒకటి పెట్టాను. ఆ వాసన ముక్కుకు తగలగానే పని ఆపి అక్కడే కూలబడ్డాను. కింద నుంచి మా ఆయన "ఏమైంది, కళ్లు తిరిగాయా?" అని కేకేశారు. కళ్లు తిరగలేదు, రూతమ్మ టీచరు గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే నాకు దుఃఖం రాదు, గర్వం వస్తుంది. ఆవిడ పక్కింటి పిల్లని నేను అని పదిమందికి చెప్పుకోవాలనిపిస్తుంది. ఇప్పుడు చేస్తున్నదీ అదే.

మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు కాస్త ఇవతల ఉన్న ఊరు. మా వీధిలో అందరివీ వేట కుటుంబాలే, ఒక్క టీచరమ్మ తప్ప. ఆవిడ పుట్టింది పెన్నకు ఆవల కోవూరులో, వరి పొలాల మధ్య. మా ఊరి బడికి టీచరుగా వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేవారు, మిగతా ఆరు రోజులూ మోచేతుల దాకా మట్టి పూసుకుని తోటలో ఉండేవారు. ఇసుక నేలలో ఏం పెరుగుతుందని మేమంతా అనుకుంటుంటే ఆవిడ జామ, సీతాఫలం, మునగ, మందార, అరటి అన్నీ పెంచారు. చుట్టూ గోరింట కంచె. ఆ పచ్చదనానికంతా మూలం పెరటి బావి. సముద్రానికి అంత దగ్గరలో ఉన్నా ఆ బావి నీళ్లు తియ్యగా ఉండేవి. మా వీధంతా తాగేది ఆ నీళ్లే.

తోటలో పండినదాంట్లో పైకొమ్మల కాపు ఆవిడ ఎప్పుడూ కోయలేదు, కోయనివ్వలేదు. "చెయ్యి అందినంత వరకు మనది, అందనిది వాళ్లది" అనేవారు. వాళ్లంటే పిట్టలు. కోతలప్పుడు కోవూరు నుంచి తమ్ముడు పంపే వరి కంకులను కుచ్చుగా అల్లి వసారా చూరుకు కట్టేవారు. ముందు చర్చిలో కోతల పండుగకు ఒక కుచ్చు, తర్వాత ఇంట్లో పిచ్చుకలకు ఒక కుచ్చు. పొద్దున్నే గుప్పెడు సజ్జలు, గుప్పెడు నూకలు, అంతే. ఎక్కువ వేస్తే పిట్టలు సోమరిపోతులవుతాయని ఆవిడ భయం. కానీ నీళ్ల విషయంలో మాత్రం పిసినారితనం లేదు. తోట నిండా మూకుళ్లే. రోజూ కొబ్బరి పీచుతో తోమి నీళ్లు మార్చేవారు. పిచ్చుకలు కాలు ఆనించుకోవడానికి ప్రతిదాంట్లో ఒక రాయి వేసేవారు. సముద్రపు పోటు ఎక్కే పాయలు, అవే ఉప్పు కయ్యలు, రొయ్యల గుంటలు, ఆవల సముద్రం. ఎటు చూసినా నీళ్లే ఉన్న మా ఊళ్లో పిట్ట తాగడానికి చుక్క ఉండేది కాదు. అందుకే గింజలకు వచ్చే పిట్టలకంటే నీళ్లకు వచ్చే పిట్టలే ఎక్కువ.

బడి నుంచి రిటైరయ్యారే కానీ హాజరు పిలవడం మాత్రం మానలేదు. పొద్దున్నే వసారాలో నిలబడి, "గోరింకలు వచ్చినాయా? పికిలి పిట్టా? గువ్వలేవీ, ఈరోజు కూడా ఆలస్యమేనా?" అని గట్టిగా పిలిచేవారు. వీధి వీధంతా నవ్వేది. మా అమ్మ అయితే, "టీచరమ్మా, రానోళ్లకి బెత్తం దెబ్బలు కూడా వేస్తారా ఏంది?" అని కంచె ఇవతల నుంచి ఆటపట్టించేది. "మీ మల్లికి వెయ్యనిది వాటికెందుకు వేస్తానే?" అనేవారు ఆవిడ. ఆ మల్లిని నేనే. నిజంగానే ఆవిడ నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టాల్సినంత వాగుడు మాత్రం నాకుండేది.

నేను చదువు ముగించి, పక్క ఊరి ప్రైవేటు బళ్లో సైన్సు చెప్పడం మొదలుపెట్టిన రోజులవి. మా నాయన పోలయ్య అప్పటికే వేట మానుకున్నాడు. అలల్లో పడవ ఒడ్డుకు లాగేటప్పుడు భుజం జారింది. నాటువైద్యంతో కుదురుకుంది కానీ మళ్లీ వల విసిరే బలం రాలేదు. సముద్రం మీద మా నాయన చూపు గురించి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దూరంగా పిట్టలు గుంపుగా ఎగిరి నీళ్లలోకి దూకుతుంటే, ఏ పిట్ట ఎలా దూకుతోందో చూసి, కింద ఏ చేప ఉందో, వల వెయ్యాలో వద్దో చెప్పేవాడట. అలాంటి మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండడం మాకెవరికీ చూడబుద్ధయ్యేది కాదు. మా ఇంటి వెనక, టీచరమ్మ కంచెను ఆనుకుని మాకు ఎకరం చిల్లర ఇసుక నేల ఉంది. దాంట్లో రొయ్యల గుంట తవ్వుదామని నిర్ణయించుకున్నాడు. ఆ మాట అనుకున్న రోజు నుంచి ఆయన ముఖంలో మళ్లీ రక్తం కనిపించింది. టీచరమ్మ తోటకు అవతలి పక్క పట్నం నుంచి వచ్చిన ఒక ఆసామి అప్పటికే నేల కౌలుకు తీసుకుని పెద్ద గుంట పెట్టాడు. కయ్య నుంచి ఉప్పునీళ్లు తోడి నింపేవాడు. రాత్రీ పగలూ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు తిరుగుతూ ఉండేవి. ఆ చప్పుడు మా నాయనకు లక్ష్మీదేవి గజ్జెల్లా వినిపించేదేమో మరి.

చలి వెనకబట్టి ఎండలు మొదలయ్యాక తోటలోకి పిట్టలు రావడం తగ్గింది. గింజలు తినేవి తిని పోతున్నాయి, మూకుళ్ల దగ్గర మాత్రం సందడి లేదు. ముందు పిల్లి మీద అనుమానపడ్డాం. పాపం ఆ పిల్లిని వీధి చివరిదాకా తరిమి వచ్చారు. అంతకు ముందు నవ్విన వాళ్లే ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో ఉపాయం మోసుకొచ్చారు. ఒకరు మరమరాలు తెచ్చారు. ఇంకొకరు మూకుళ్ల రంగు నచ్చలేదేమో అని పళ్లేలు తెచ్చారు. మా అమ్మ దిష్టి తీసి గుమ్మడికాయ కట్టమంది. "నేను క్రిస్టియన్ని కదే" అంటే, "దిష్టి తగిలింది పిట్టలకమ్మా, మీకు కాదు" అంది మా అమ్మ. టీచరమ్మ నవ్వారు కానీ హాజరు పిలవడం మానేశారు. అది నాకు కష్టంగా ఉండేది. ఆ గొంతు వినపడకపోతే తెల్లారినట్టే ఉండేది కాదు.

ఆ మధ్యలో ఆవిడ కోవూరులో తమ్ముడి కొడుకు పెళ్లికి వెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉండి వచ్చారు. ఇల్లు చేరగానే అలవాటుగా బావిలో చేద వేసి, తోడుకుని, ఒక గుక్క నోట్లో పోసుకున్నారు. నేను బ్యాగు అందుకోవడానికి వెళ్లి పక్కనే ఉన్నాను. ఆవిడ గుటక వెయ్యకుండా అలాగే నిలబడిపోయారు. తర్వాత నాకు గ్లాసు అందించి, "తాగు మల్లీ. ఏమన్నా తేడా తెలుస్తోందా?" అని అడిగారు. నేను తాగాను. ఎప్పటి నీళ్లే. మా అమ్మ తాగింది. "బంగారం లాంటి నీళ్లు టీచరమ్మా, ఏమైనాది?" అంది. వీధిలో మరిద్దరు తాగారు. అందరిదీ అదే మాట. ఆవిడ బావి గట్టు మీద కూర్చుని, "ఉప్పు తగిలింది. పోయే ముందు కూడా తాగినాను, నాకూ తెలవలేదు. మెల్లిగా ఎక్కినట్టుంది, నోరు కూడా దాంతో పాటే అలవాటు పడిపోయింది" అన్నారు. అక్కడి నుంచి చూపు మూకుళ్ల వైపు మళ్లింది. నేనూ అటే చూశాను. పిల్లీ కాదు, దిష్టీ కాదు. మా నోళ్లకు తెలియనిది వాటికి తెలిసిపోయింది.

తెలియకపోవడంలో వింత లేదు. ఉప్పుగాలి పీలుస్తూ, ఉప్పుచేప తింటూ, పెదవుల మీద ఉప్పు తుడుచుకుంటూ బతికే వాళ్లం. ఆ నోళ్లకు పిసరంత ఉప్పు ఏం లెక్క? ఊరంతా కలిసి ఉప్పునీళ్లు తాగుతూ బంగారమని మెచ్చుకున్నాం. మర్నాడు ఆటోలో వచ్చే నీళ్ల క్యాన్ ఒకటి టీచరమ్మ కొన్నారు. ఒక మూకుడులో ఆ నీళ్లు, ఒక మూకుడులో బావి నీళ్లు పోసి పక్కపక్కనే పెట్టారు. "మనుషులకే దిక్కులేదు, పిట్టలకు క్యాన్ నీళ్లంట!" అని వీధిలో మళ్లీ నవ్వులు. సాయంత్రానికి క్యాన్ నీళ్ల మూకుడు అడుగంటింది. బావి నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

అవతలి పక్క ఒక్క గుంట ఉప్పునీళ్లు ఇసుకలోంచి ఊరితేనే బావి ఇలా అయితే, ఇవతలి పక్క మాది కూడా తవ్వితే ఇక బావి లేదు, తోట లేదు, వీధికి గుక్కెడు నీళ్లు లేవు. ఆ వారంలోనే పొక్లెయిన్ వచ్చేలా మా నాయన మాట్లాడుకుని ఉన్నాడు. ఒక పక్క టీచరమ్మ, ఒక పక్క ఇన్నాళ్లకు నవ్వుతున్న మా నాయన. నేను ఏడుపు గొంతుతో, "మీరొచ్చి మా నాయనకు చెప్పండి టీచరమ్మా, మీ మాట తీసెయ్యడు" అన్నాను.

"తీసెయ్యడు, నాకు తెలుసు. అందుకే చెప్పను" అన్నారు ఆవిడ. "నేను చెబితే మొహమాటానికి మానుకుంటాడు. రేపు ఇంట్లో పొయ్యి వెలగని రోజున టీచరమ్మ వల్లే అనుకుంటాడు. అనుకోవాల్సిందే కదా, నేల అతనిది. రేపు పొద్దున్నే మీ నాయన్ని కాఫీకి పిలుచుకుని రా. నువ్వు మాత్రం ఒక్క మాట చెప్పొద్దు. నీకది కష్టమే, నాకు తెలుసు. అయినా చెప్పొద్దు."

మర్నాడు మా నాయన భుజం మీద తువ్వాలుతో వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు. టీచరమ్మ స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. పిల్లల గురించి, భుజం నొప్పి గురించి, కొత్త పాస్టరు గారి ప్రసంగం ఎంత పొడవో అన్న దాని గురించి మాట్లాడారు. గుంట మాట రాలేదు. ఎదురుగా జామచెట్టు కింద రెండు మూకుళ్లు. నాకు నాలుక దురద పెడుతోంది. ఒకసారి నోరు తెరిచాను కూడా. టీచరమ్మ నా మణికట్టు మీద చెయ్యి వేశారు. గట్టిగా కాదు, ఊరికే వేసి ఉంచారు.

మొదట గువ్వ ఒకటి దిగింది. ఎడమ మూకుడు అంచు మీద వాలి, ముక్కు ముంచి, తల విదిల్చి, పక్క మూకుడుకు గెంతి, తల వంచి ఆపకుండా తాగింది. తర్వాత పికిలి పిట్ట, అదీ అంతే. గోరింకలు నాలుగైదు ఒకేసారి దిగి, అన్నీ కుడి మూకుడు మీదే పడి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఎడమ మూకుడులో ఆకాశం కదలకుండా కనిపిస్తోంది. మా నాయన చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి పిట్టలను చూసేటప్పుడు ఉండే చూపు అది. చాన్నాళ్ల తర్వాత మళ్లీ చూశాను.

"ఏముండాయి టీచరమ్మా వాటిలో?" అన్నాడు.

"నీళ్లే పోలయ్యా."

మా నాయన లేచి వెళ్లి రెండింట్లోనూ వేళ్లు ముంచి నాలుక మీద వేసుకున్నాడు. పెదవులు చప్పరించాడు. "నాకు రెండూ ఒకటిగానే ఉండాయే" అని గొణుక్కున్నాడు. ఒక్క క్షణం ఆలోచించి రెండు మూకుళ్లనూ ఎత్తి అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. ఎవరి మాటా నమ్మని వేటగాడి బుద్ధి. వచ్చి మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి పిట్టలు మళ్లీ దిగాయి. ఈసారి ఎడమ మూకుడు మీద కొట్లాట, కుడిది ఖాళీ.

"ఆ పిట్టలు వదిలేసింది మన బావి నీళ్లా?" అని అడిగాడు మా నాయన.

"అవును."

"ఎప్పట్నుంచి?"

"చలి పోయినకాడి నుంచి."

మా నాయన తల తిప్పి, గోరింట కంచె మీదుగా ఆసామి గుంటలో తిరుగుతున్న చక్రాల వైపు చూశాడు. ఆ తర్వాత ఇటు తిరిగి మా ఎకరం చిల్లర వైపు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మిగిలిన కాఫీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. టీచరమ్మ అప్పటికి నా చెయ్యి వదిలారు.

ఆ పూట మా ఇంట్లో పెద్ద గొడవ. మా అమ్మకు కోపం రావడంలో తప్పు లేదు, ఆ గుంట మీద ఎన్ని ఆశలు పెట్టుకుందో. "పిట్టలు నీళ్లు తాగలేదని గుంట మానుకుంటావా? ఊళ్లో వింటే నవ్విపోతారు!" అంది. మా నాయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం అన్నాడు: "పిట్ట వాలిన చోట వల వేసి మిమ్మల్నందర్నీ సాకినా. ఇప్పుడు పిట్ట లేచిపోయిన చోట గుంట తవ్వమంటావా?" నాకు ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా నాయన కూతురినైనందుకు అంతగా పొంగిపోయిన రోజు ఇంకొకటి లేదు.

తర్వాతి ఆదివారం పడవల రేవు దగ్గర ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు మా నాయన లేచి నిలబడ్డాడు. మా ఊళ్లో పెద్దలంతా కలిసి ఒక పని కూడదని కట్టుబాటు చేస్తే దాన్ని దురాయి అంటారు. దురాయి వేశాక ఎంతటివాడూ మీరడు. "నా నేలలో నేను గుంట తవ్వను. మంచినీళ్ల బావి పక్కన ఇంకెవురూ తవ్వకుండా దురాయి వెయ్యండి. కౌలు తీరినాక ఆ ఆసామికి ఆ నేల మళ్లీ ఇవ్వొద్దు" అన్నాడు. తనది వదులుకున్నవాడే అడిగాడు కనుక పెద్దలు దురాయి వేశారు. కౌలు తీరింది, ఆసామి వేరే చోటు చూసుకున్నాడు. పొక్లెయిన్‌కు బయానా ఇచ్చి ఉండటంతో మా నాయన దాన్ని రానిచ్చాడు. రొయ్యల గుంట బదులు లోతు లేని దొరువు తవ్వించాడు. దొరువంటే ఇసుకలో వాననీళ్లు ఊరి నిలిచే గుంట. ఉప్పునీటి పైన తేలే తియ్యటి నీళ్లు దాంట్లోకి చేరతాయి. ఆ నీళ్లతో ఆకుకూరలు, సరుగుడు నారు పెంచడం మొదలుపెట్టాడు. రొయ్యలు పెట్టినవాళ్లలో కొందరు మేడలు కట్టారు, కొందరు ఉన్నది పోగొట్టుకున్నారు. మా నాయన రెండూ చెయ్యలేదు. ఏటా నారు అమ్ముకుని, భుజం నొప్పి పెట్టినప్పుడు విశ్రాంతి తీసుకుని, దర్జాగా బతుకుతున్నాడు.

బావి ఒక్క వానాకాలంతో బాగుపడలేదు. అన్నాళ్లూ టీచరమ్మ క్యాన్ నీళ్లే పోశారు. విచిత్రం ఏమిటంటే, నవ్వినవాళ్లే తమ క్యాన్లలో మిగిలింది తెచ్చి మూకుళ్లలో ఒంపి పోయేవాళ్లు. పక్కనే ఒక మూకుడులో బావి నీళ్లు ఎప్పుడూ ఉండేవి. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు కంచె దగ్గర ఆగి, "తాగినాయా టీచరమ్మా?" అని అడిగేవారు. చివరికి ఒక కార్తీకంలో, రాత్రంతా కురిసి తెరిపిచ్చిన పొద్దున, గువ్వ ఒకటి బావి నీళ్ల మూకుడు మీద వాలి, తల వంచి ఆపకుండా తాగింది. ఆ వెనకే గోరింకలు వచ్చాయి. టీచరమ్మ వసారాలోకి వచ్చి గొంతెత్తి హాజరు పిలిచారు. ఆ గొంతుకు వీధి వీధంతా బయటికొచ్చింది. మా అమ్మయితే చేతిలో పిండితోనే పరుగెత్తింది.

రూతమ్మ టీచరు గారు పోయి కొన్నేళ్లయింది. సమాధి తవ్వేటప్పుడు మా ఇసుక నేలలో అంచులు నిలవక పదే పదే జారిపోతుంటే, మా నాయన ఎవరూ చెప్పకుండానే ఇంటికి వెళ్లి బావి నుంచి బిందెలు మోయించాడు. ఇసుకను తడిపితే నిలుస్తుందని మా వాళ్లకు తెలుసు. వేటవాళ్లంతా వరసగా నిలబడి ఆ నీళ్లు పోసి, సమాధి అంచులు చేతులతో అదిమారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టడానికి అందరి చేతులూ ఆరేదాకా ఆగారు.

నేనిప్పుడు సూళ్లూరుపేటలో పెద్ద బళ్లో సైన్సు చెబుతున్నాను. మొన్న మా బళ్లో కొత్తగా చేరిన టీచరు నా క్లాసు చూసి, "మేడం, ఆ పిల్ల తప్పు చెబుతోందని మీకు తెలుసు కదా. అంతసేపు దిద్దకుండా ఎట్లా ఊరుకున్నారు?" అని అడిగింది. దిద్దాల్సిన అవసరం రాలేదు. ఆ పిల్ల ప్రయోగానికి బల్ల మీద పెట్టిన గాజు గ్లాసు వంక మళ్లీ మళ్లీ చూసి, తన తప్పు తనే పట్టుకుని, ఎగిరి గంతేసింది. అలా ఊరుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఈరోజుకీ పిల్లల ముందు నా నాలుక దురద పెడుతుంది. అప్పుడు మణికట్టు మీద ఒక చెయ్యి బరువు తెలుస్తుంది, ఆగిపోతాను. ఆ పొద్దున టీచరమ్మ తన బావి కోసం మా నాయనను ఒక్క మాట అడిగి ఉంటే, ఆయన మొహమాటపడి సరేననేవాడు, జీవితాంతం తను ఓడిపోయాననుకునేవాడు. ఆవిడ అడగలేదు. అందుకే ఇవాళ ఊళ్లో ఎవరైనా ఆ బావిని కాపాడిందెవరని అడిగితే, మా నాయన తువ్వాలు సర్దుకుని, "నేనే" అంటాడు.